కొండెక్కిన పాండిత్యం

రెండు పుస్తకాలు తిరగేసిన మనిషికి ఎదురుగా కొండా, చుట్టూ వినేవాళ్లూ దొరికితే నోరాగుతుందా? మీకు ఆగుతుందేమో, నాకు ఆగలేదు.

ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ఓసారి వేల్స్ సరిహద్దులోని కార్న్‌డన్ కొండకి తీసుకెళ్లాడు. ఎత్తు 513 మీటర్లే, నా ఆయాసం లెక్కన మాత్రం హిమాలయం. వియ్యాలవారూ వెంట ఉన్నారు. వాళ్ల ముందు తెలివి చూపించకపోతే విమానం టికెట్టు దండగే కదా!

"ఇదంతా డోలరైటు. ఒకప్పుడు కరిగిన రాయి. కిందనుంచి తన్నుకొచ్చి, పైనున్న షేల్ పొరల్ని ఇలా వంచిపారేసింది" అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా! అమెరికాలో యూటా హెన్రీ పర్వతాలని అందుకున్నాను. అక్కడ శిలాద్రవం పొరల మధ్య దూరి పైకప్పుని గుమ్మటంలా లేపిందని గిల్బర్ట్ అనే జియాలజిస్టు 1877లో రాసిందంతా ఏకరువు పెట్టాను. దాన్నే ల్యాకోలిత్ అంటారన్నాను. అదే ఊపులో, "నేనూ అంతే, ఎవరి దయా లేకుండా సొంత బలంతో పైకొచ్చాను" అని చేతికర్ర గాల్లోకి లేపి మరీ అనేశాను.

వియ్యంకుడి మేనకోడలు జియాలజీ చదువుతోందని నాతో ఒక్కరైనా అన్నారా?

"అంకుల్, ల్యాకోలిత్‌కి అడుగు చదునుగా ఉండాలి కదండీ? హార్కర్ అనే జియాలజిస్టు లెక్కలో ఇక్కడ అడుగు కూడా పైకి వంగే ఉంది" అంది, మెల్లగా, అందరికీ వినపడేలా. పొరల్ని వంచింది శిలాద్రవం కాదట. పక్కలనుంచి నేల నొక్కుకుని పొరలు ముడుత పడ్డాయి, ఒకదానిమీద ఒకటి జారి, వంపు నడినెత్తిన విడివడబోయాయి. ఒత్తిడి తగ్గిన ఆ చోటికి శిలాద్రవం వచ్చి చేరింది. తోపు దానికీ కొంత ఉంటుందిగానీ, చోటిచ్చింది ముడుతే. అందుకే నడుమ లావు, అంచుల్లో పల్చన. 1909లో హార్కర్ దీనికి ఫాకోలిత్ అని పేరు పెట్టి, ఉదాహరణగా చూపించింది ఈ కొండనేనట. ఎక్కడికో పోయి కాదు, సరిగ్గా నా కాళ్లకింది కొండని!

మనకి శిలాద్రవం వీరుడైతేనే ముద్దు. నిప్పన్నాక తొయ్యాలి, బద్దలుకొట్టాలి. రాళ్లే ముడుచుకుని చోటిచ్చాయంటే కథలో మజా ఏముంటుంది?

ఇంతలో మా ఆవిడ అందుకుంది: "ఈయనా అంతేనమ్మా! మా నాన్న రిటైరవుతూ ఖాళీచేసిన కుర్చీలో వచ్చి కూర్చున్నారు."

ఖండిద్దామనే అనుకున్నాను. ఆయాసం అడ్డొచ్చింది.