అక్కయ్యకు ఆకాశం, బావగారికి భూమి

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. 2023ను చిరుధాన్యాలకిచ్చారు. ఆ ఏడాది కొర్రలు స్టార్ హోటళ్లు చూసొచ్చాయి. వాటిని కాపాడిన జహీరాబాద్ ఆడవాళ్లు చేలోనే ఉండిపోయారు. ఇప్పుడు వంతు వాళ్లది. శాలువాలకు ఆర్డర్లు వెళ్లే ఉంటాయి.

సర్కారు తక్కువేం చేయలేదు. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లిస్తామని 2023లోనే చెప్పింది. ఆకాశం అక్కయ్యల పరమైంది. నేలంటారా, అది బావగారి పాసుపుస్తకంలో భద్రంగా ఉంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూటికి 14 కమతాలే ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. పెట్టుబడి సాయం పట్టాదారుకే, రైతుబీమా పట్టాదారుకే. విత్తిందీ కలుపు తీసిందీ ఆమే అయినా, చేలో పాము కరిస్తే పోయేది ‘రైతు భార్య’.

పోషకాహారం సంగతీ మనవాళ్లు మరవలేదు. జహీరాబాద్ ఎర్రచెలకల్లో తుమ్మికూర, గునుగు, జొన్నచెంచలి ఎవరూ విత్తకుండానే మొలుస్తాయి. కలుపు తీస్తూ తీస్తూ ఒడి నింపుకుంటే రాత్రి జొన్నరొట్టెలోకి కూర అయిపోయినట్టే. పైసా ఖర్చు లేని తిండిని అభివృద్ధి అనరు కదా! పత్తి వచ్చింది, దాని వెంట కలుపు మందు వచ్చింది, కూర మాడిపోయింది. తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దానికీ మందుంది: ఐరన్ మాత్ర. చేనుకో మందు, ఆమెకో మందు. చేను వంతు ఇక డ్రోనే చూసుకుంటుంది.

మిగిలింది వాతావరణ మార్పు మీద ఆమెకు శిక్షణ ఇవ్వడం. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుందని జహీరాబాద్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఒకే చెలకలో ఇరవై రకాల దాకా కలిపి వేస్తారు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి ఇంట్లోనే దాస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా అందుకున్నారు. అయినా శిక్షణ శిక్షణే.

అలాంటి చేను గట్టు మీదికి పంటల నమోదు సారొస్తే ముచ్చట ఇలా నడుస్తుంది.

“రైతు లేడామ్మా?”

“పట్నం బోయిండు సారూ. ఏం గావాలె?”

“ఏ పంటేశారో రాసుకోవాలి.”

“ఏసింది నేనే, రాస్కోండ్రి. పచ్చజొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, పుంటి...”

సారు ఆరో పేరు దాకా ఓపిగ్గా వింటారు. ఫారంలో ఉన్నది ఒకటే గడి. అందులో ‘ఇతరములు’ అని రాస్తారు. సంతకానికి మాత్రం ఆయన పట్నం నుంచి రావాలట.