కథ మొండికేస్తే

మా రోజుల్లో కథ మధ్యలో ఆగిపోతే కంగారుపడేవాళ్ళం కాదు. ఇప్పటి కుర్రాళ్ళు రెండు పేరాలు రాసి, మూడోది రాకపోతే ‘మూడ్ లేదండీ’ అంటారు. కాసేపటికి ఫోన్ తీసి, మిగతా కథ రాసిపెట్టమని యంత్రాన్ని అడుగుతారు. అది చిటికెలో రాసిచ్చేస్తుంది. సాయంత్రానికి కథ ఊరంతా తిరుగుతుంది, రాత్రికి పొగడ్తలు వచ్చిపడతాయి. మా నర్సీపట్నంలో రాసే పిల్లలంటే నాకు ప్రాణం, అందుకే ఈ కోపం.

కథ ఆగిందంటే మాకు ఒకటే లెక్క: అందులో మనిషి మనకి ఇంకా తెలియలేదు. చింతపల్లి కొండ దిగి అడ్డాకులు, చింతపండు అమ్ముకోడానికి వచ్చిన ఆడమనిషి మీద కథ మొదలెట్టావనుకో. షావుకారు తూకంలో మోసం చేస్తే ఆవిడ నోరు చేసుకుంటుందా, ఊరుకుంటుందా? ఊరుకుంటే, ఎందుకని? సాయంత్రం బస్సు తప్పిపోతే రాత్రి ఎక్కడ తలదాచుకుంటుంది? ఇవేవీ తెలియకుండా తర్వాతి వాక్యం ఎలా వస్తుంది? రాకపోవడమే మంచిది. అప్పుడు ఠావులు మడిచి బల్ల మీద పడేసి బస్టాండుకి పోయేవాళ్ళం. ఏజెన్సీ బస్సుల కోసం చూసేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ మాటలు వినేవాళ్ళం. ఒక్కోసారి నెల పట్టేది. ఆ నెల వృథా అయిందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

ఇది మేం కనిపెట్టిన పద్ధతేం కాదు. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరు. సారా కేసుల్లో ఇరుక్కున్న బీదాబిక్కీని, పోలీసుల్ని, సాక్షుల్ని కోర్టుల్లో రోజూ చూశారు, విన్నారు. ఆ మనుషులే ‘ఆరు సారా కథలు’లోకి నడిచొచ్చారు. గోడకేసి చూస్తూ కూర్చున్నవాడికి ఆ యాస దొరుకుతుందా? ఆయన ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ అసంపూర్తిగానే మిగిలాయి. అయినా జనం వాటిని చదువుతూనే ఉన్నారు.

గురజాడ వారైతే మన జిల్లా మనిషే, 1862లో ఎస్.రాయవరంలో పుట్టారు. ‘కన్యాశుల్కం’ 1892లో ఆడింది, 1897లో అచ్చయింది, పేరూ తెచ్చింది. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశారు. మనం నెత్తిన పెట్టుకున్న మధురవాణి ఇంత మనిషిగా ఎదిగింది ఆ రెండో రాతలోనే. ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ మాత్రం 1915లో ఆయన పోయేనాటికి పూర్తికాలేదు. అంతటివాడికే కొన్ని లొంగలేదు! రెండో పేరా దగ్గర ఆగినందుకు మనకి ఏడుపెందుకు?

కారా మాస్టారి కథల మధ్య ఏళ్ళకి ఏళ్ళు ఎడం ఉంది. ‘యజ్ఞం’ 1966లో వచ్చింది, దాని మీద వాదన ఇంకా తెగలేదు. తర్వాత తర్వాత ఆయన రాయడం బాగా తగ్గిపోయింది. అలాగని చేతులు కట్టుకు కూర్చోలేదు. పరాయివాళ్ళ కథలు ఒక్కొక్కటే పోగుచేసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నిలబెట్టారు.

మాకు ఇంకో అదృష్టం ఉండేది. పత్రికకి కథతో పాటు సొంత చిరునామా రాసి, స్టాంపులంటించిన కవరు పంపేవాళ్ళం. వారాల తరబడి పోస్టుమాన్ కోసం చూపులు. కథ తిరిగొస్తే మనసు చివుక్కుమనేది, నిజమే. కానీ ఈలోగా మన రాతని మనమే పరాయివాడిలా చదవగలిగేవాళ్ళం, ఎక్కడ అబద్ధమాడామో కనబడేది. ఇప్పుడా పత్రికలేవీ? 1924లో పుట్టిన ‘భారతి’ మాసపత్రిక 1991లో ఆగిపోయింది. చాలా వారపత్రికలు ఒకటొకటే మూతబడ్డాయి. ‘ముగింపు కుదరలేదు, మళ్ళీ రాయి’ అని చెప్పే సంపాదకుడు ఈ పిల్లలకి లేకుండా పోయాడు. ఇందులో వాళ్ళ తప్పేం లేదు. నా బాధంతా అదే.

ఫోన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. పాత ‘భారతి’ సంచికలు ఇవాళ దాంట్లోనే చదువుకోవచ్చు, చదవండి. ఆగిన కథని మాత్రం దాని చేతికి ఇవ్వకండి నాయనా. ముందు సంతకి వెళ్ళి, మీ కథలోని మనిషిలాంటి మనిషితో మాట్లాడండి. అప్పటికీ కదలకపోతే తునిలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగండి. కథానిలయంలో ఒక పూట కూర్చుని మీ ముందువాళ్ళు ఏం రాశారో చూడండి. చిత్తుప్రతి వెంట తీసుకెళ్ళండి.