బంకు కింద మట్టి పరీక్షలో నెగ్గే ఉపాయాలు

మణుగూరులో పెట్రోలు బంకు నడపడమంటే మాటలా! బొగ్గు టిప్పర్లు రాత్రంతా వరస కడతాయి, ఒక్క గంట కునుకు ఉండదు. అలాంటి మనిషి దగ్గరికి వచ్చి, నీ బంకు కింద మట్టిలోకి డీజిల్ దిగిందేమో చూపించమంటారు. ఈ రోడ్డు మీద 28 ఏళ్ళు బంకులు చూసుకున్నాను. నా చేతి మీదుగా వెళ్ళిన మట్టి ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. తెలిసినదంతా చెబుతున్నాను, వరసగా పాటించండి.

1. డిప్ రాడ్‌ని శ్రమ పెట్టకండి. రోజూ పొద్దున్నే ట్యాంకులో రాడ్ దించి కొలవమంటారు. ఎందుకు? నిన్నటి అంకెలోంచి అమ్మకం తీసేయండి, వచ్చిందే రిజిస్టర్లో రాయండి. కుర్చీలోంచి లేవకుండా పని అయిపోతుంది, లెక్క ఎప్పుడూ సరిపోతుంది. నీటిని పట్టే పేస్టు డబ్బా మాత్రం టేబుల్ మీద కనబడేలా ఉంచండి, మూత తీసి.

2. ఏ రోజు లీకు ఆ రోజుతోనే మరిచిపోండి. పైపు జాయింటు దగ్గర సెకనుకో బొట్టు కారితే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. 165 లీటర్లు మించి కారితే అధికారులకు చెప్పాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. కూడుకుంటూ పోతే నలభై రోజులు తిరక్కముందే దాటిపోతుంది. అందుకే కూడకండి. ఇవాళ పోయింది నాలుగు లీటర్లే. రేపటి నాలుగు రేపటివి.

3. తరుగుకు కారణం కాలాన్ని బట్టి మార్చండి. ఎండాకాలం ఆవిరైంది. చలికాలం కుంచించుకుపోయింది. వానాకాలం ట్యాంకరే తక్కువ తెచ్చింది.

4. తవ్వే చోటు మీరే చూపించండి. అసలు గెలుపంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి. నూనె దిగేది మూడు చోట్ల: ట్యాంకర్ పైపు తగిలించే మూతి దగ్గర, భూమిలో పైపు జాయింట్ల దగ్గర, నాజిల్ మిషను అడుగున. ఆ మూడు చోట్లా ముందే టైల్స్ పరిపించి, పైన గాలి మిషను, కూలింగ్ వాటరు డబ్బా, పూలకుండీలు పెట్టించండి. కారిన నూనె భూమిలో నీళ్ళు నడిచే దారినే నడుస్తుంది. మన దగ్గర వాలు గోదావరి వైపు, కాబట్టి ఎగువన, రథంగుట్ట వైపు ప్రహరీ వారన వేపచెట్టు కింద తవ్వించండి. నీడ ఉంటుంది, వచ్చిన సారుకూ హాయి.

లోతు గురించి ఒక మాట. ట్యాంకు అడుగు మూడు నాలుగు మీటర్ల కింద ఉంటుంది. మీరు రెండడుగుల దగ్గర ఆపేయాలి. ముందు రోజు రాత్రే ఆ లోతులో ఒక బండరాయి పాతించండి. గడ్డపార ఠంగుమనగానే కూలీ నడుం పట్టుకుని నిలబడతాడు, "కింద పరుపుబండ సార్" అని మీరు అందుకోండి. రాయి చుట్టూ మట్టి తడిపి దిమ్మిస కొట్టించండి, లేకపోతే కొత్త గుంట అని తెలిసిపోతుంది.

5. మట్టిని బాగా ఆరబెట్టండి. గాజు సీసాలో అంచు దాకా కూరి, గాలి చొరకుండా బిరడా బిగించి, ఐసులో పెట్టి పంపమని ల్యాబు వాళ్ళు చెబుతారు. బెంజీన్, టోలుయిన్ లాంటివి గాలి తగిలితే ఎగిరిపోతాయని వాళ్ళ భయం. ఎగిరిపోవాలనే కదా మన ఆశ! పాత పేపరు మీద పోసి, రేకుల కప్పు మీద పెట్టి, కల్లంలో మిరపకాయలు తిరగేసినట్టు గంటకోసారి చేత్తో తిరగేయండి. సాయంత్రానికి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉత్త మట్టి వాసన రావాలి. అప్పుడు స్వీట్ షాపు కవర్లో కట్టి, వారం ఆగి పంపండి.

6. ఇంకా ఏమన్నా తేలితే బొగ్గు మీదికి తోసేయండి. ఇది సింగరేణి నేల, తవ్వితే నల్లగా ఉండక తెల్లగా ఉంటుందా? పగిడేరులో బోరు వేస్తే వేడినీళ్ళే పొంగుతున్నాయి, ఈ భూమిలో ఏముందో ఎవరికి తెలుసు అనండి. బొగ్గుకూ డీజిల్‌కూ తేడా ల్యాబులో ఇట్టే తేలిపోతుంది. అందుకని ఈ మాట ఆఫీసులోనే, టీ తాగేటప్పుడే ముగించాలి.

7. నోటీసొస్తే కంగారు పడకండి. కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జులైలో కొత్త నియమాలు తెచ్చింది. మొదటి పరిశీలనకు 90 రోజులు, వివరమైన సర్వేకు మరో 90. రెండు తొంభైల మధ్య ఒక వానాకాలం పట్టేలా చూసుకున్నారంటే మట్టిలో ఉన్నది వానే కిందికి తీసుకుపోతుంది.

8. బావుల వాళ్ళను మంచి చేసుకోండి. చెన్నై తండయార్‌పేటలో 2013లో పైపులైను కారి బోరు నీళ్ళలో చమురు తేలింది. జనం ఊరుకోలేదు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. మీరు అంత దాకా తెచ్చుకోకండి. ఉగాదికి ఇంటికో రెండు లీటర్ల పెట్రోలు పోయండి. నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి బొక్కెన లోతుకు ముంచి తోడుకోమని చెప్పండి. బెంజీన్ రక్త క్యాన్సరు తెస్తుందని ఎవరన్నా అడ్డుపడితే కాదనకండి, అది నిజమే. దానికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి డీలర్‌షిప్ మీ అబ్బాయి పేరున ఉంటుంది.

బంకు వెనకే ఇల్లు కట్టుకున్నవాళ్ళకు చివరి మాట. మాదీ వెనక ఇల్లే. బావికి మూడేళ్ళ కిందట రేకు మూత వేశాం. నీళ్ళ ట్యాంకరు పొద్దున ఆరింటికి వస్తుంది, బిందెలు రాత్రే వరసలో పెట్టుకోండి.