జెండావాడా? ల్యాప్‌టాప్‌వాడా?

పార్టీ ప్రచారం సొంత మనుషులతో చేయించాలా, బయటి ఏజెన్సీకి అప్పగించాలా? మన నాయకులకు ఈ సందేహం ఎప్పుడో తీరిపోయింది.

జెండా కట్టేవాడికి వీధిలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, పింఛను ఆగిందని ఏ ముసలమ్మ అలిగిందో నోటిలెక్క.

ఏం లాభం? వాడికి స్లైడ్లు చేయడం రాదు!

అదే ముక్కను ఢిల్లీ నుంచి దిగిన కుర్రాడు రంగురంగుల గ్రాఫులో చూపిస్తే నాయకుడికి ఒళ్లు పులకరిస్తుంది. ఆ కుర్రాడికి సంగతి ఎవరు చెప్పారంటారా? జెండావాడే. టీ డబ్బులూ వాడే ఇచ్చాడు.

2019లో వైఎస్సార్‌సీపీకి ఐప్యాక్ అనే ప్రచార ఏజెన్సీ పనిచేసింది. 151 సీట్లు. ఘనత వ్యూహానిది.

2024లోనూ ఐప్యాకే. పోలింగ్ కాగానే జగన్ విజయవాడలోని వాళ్ల ఆఫీసుకు వెళ్లి, ఈసారి 151 దాటేస్తున్నామని చెప్పి వచ్చారు.

దాటలేదు. 11 దగ్గర ఆగింది.

ఏ పార్టీలోనైనా ఇలాంటప్పుడు దొరికే కారణం ఒకటే: కింది స్థాయిలో సమన్వయ లోపం. కింది స్థాయి అంటే తెలుసుగా, టీ డబ్బులు ఇచ్చినవాడు.

అవతలి పార్టీ మరీ నవ్వక్కర్లేదు. 2019లో జగన్‌ను గెలిపించాడని పేరుపడ్డ వ్యూహకర్త ప్రశాంత్ కిశోరే 2023 డిసెంబరులో ఉండవల్లి వెళ్లి చంద్రబాబుతో కూర్చున్నారు. మర్యాదపూర్వక భేటీ అట.

ఆ మర్యాద జెండావాడు చేసి ఉంటేనా, సాయంత్రానికల్లా సస్పెన్షన్ కాగితం ఇంటికొచ్చేది. స్లైడు అక్కర్లేకుండానే.