మోర్ ఈజియర్ ఇంగ్లీషు!

ఉయ్యూరు సెంటర్ దాటి బందరు రోడ్డెక్కితే ఇంగ్లీషు నేర్పే ఫ్లెక్సీలకు కొదవుండదు. ఒకాయనైతే తన కోర్సు ‘మోర్ ఈజియర్’ అని అచ్చేశాడు. పంచదార ఫ్యాక్టరీ ఊరు కదా, తీపి రెండుసార్లు వేశాడనుకుందాం.

ఈజీని ఈజియర్ చేశాక ముందు ‘మోర్’ ఎందుకు మాస్టారూ? హార్డ్, టఫ్ లాంటి పొట్టి మాటలకు వెనక తోక. డిఫికల్ట్ లాంటి పొడుగు మాటకు ముందు మోర్. ఏదో ఒకటే. ఇంకా నొక్కి చెప్పాలంటే ‘మచ్ హార్డర్’ అనండి, ‘వెరీ హార్డర్’ అనకండి. ‘యాజ్ డిఫికల్ట్’ అన్నాక మళ్లీ ‘యాజ్’ రావాలి. అక్కడ ‘దేన్’కు చోటు లేదు. పాఠం ఇంతే, దీనికి నెలల తరబడి బ్యాచులు!

మాస్టారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఆయన పక్షాన సాక్షాత్తూ షేక్‌స్పియరున్నాడు. ఆ రోజుల్లో ఈ జోడు వాడుక చెల్లింది. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అనే మతగురువు కూడదన్నాడు. మాస్టారి సిలబస్ అంతకు ముందుది కాబోలు.

ఆంధ్ర సర్కారూ తక్కువ తినలేదు. 2019లో జీవో 81తో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియమే అంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2023లో బడిపిల్లలకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు; ప్రభుత్వం మారింది, టోఫెల్ పోయింది. ‘మోర్ టఫర్’ మాత్రం ఏ జీవోకూ లొంగలేదు. ఫీజులంటారా? అవి ఏటా తప్పుల్లేకుండా ‘హయ్యర్’!