కట్ట మీద సైన్స్ సెంటర్

చెరువు ఎండిపోయిందా? దిగులు పడకండి. చుట్టూ రెయిలింగ్ వేయించండి, టైల్స్ పరిపించండి, రంగు దీపాలు పెట్టించండి, ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ నిలబెట్టండి. ఇంకా డబ్బు మిగిలితే ఒక సైన్స్ సెంటర్ కట్టండి. కర్నూలు గార్గేయపురం చెరువు దగ్గర నగరవనం వచ్చింది. దేవుని కడప చెరువు దాకా సుందరీకరణ వచ్చింది. ఇక రావాల్సింది విజ్ఞానమొక్కటే.

ఎవరూ అడగకపోయినా నేనే ఒక డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాసిపెట్టాను. డీపీఆర్ అన్నాక మొదటి పేజీలో విదేశీ ఫొటో ఉండి తీరాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఈరీ సరస్సు ఒడ్డున 1996 నుంచి గ్రేట్ లేక్స్ సైన్స్ సెంటర్ ఉంది, దాన్ని అంటించాను. ఆ సరస్సు మన ఉమ్మడి కర్నూలు జిల్లా కంటే పెద్దదన్న సంగతి ఫొటోలో ఎటూ కనపడదు.

రెండో పేజీ బోటింగ్. రాయలసీమకు పడవల ఆశ పెట్టడం ఇవాళ్టి పని కాదు. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కేసీ కెనాల్ తవ్వింది పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, కర్నూలు నుంచి కడపకు పడవలు నడపడానికి కూడా. లండన్ వాటాదారులకు ఐదు శాతం రాబడికి సర్కారు పూచీ పడింది. పడవ కదిలినా కదలకపోయినా వాళ్ల ఐదు శాతం వాళ్లకు ముట్టేది. చివరికి 1882లో ఆ కాలువను సర్కారే కొనుక్కుంది. ఇంతకంటే మంచి పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) నమూనా నాకు దొరకలేదు కాబట్టి దాన్నే దించేశాను.

మూడో పేజీ ఎగ్జిబిట్లు. గాజుపెట్టెలో బుల్లి ఆనకట్ట ఉంటుంది. పిల్లవాడు బటన్ నొక్కుతాడు. మోటారు గుర్రుమంటుంది, గేటు మాత్రం లేవదు. పెట్టె మీద 'పనిచేయుట లేదు' అన్న కాగితం, నాలుగు మూలలా సెలోటేపు, ఆ సెలోటేపు కూడా పసుపెక్కి లేచిపోయి ఉంటుంది. తర్వాత ఎటూ తప్పదు గనక ప్రారంభోత్సవానికే ఆ కాగితాన్ని ఫ్లెక్సీగా కొట్టించాలని సిఫారసు చేశాను. గేటు లేవకపోతే ఏమవుతుందో చెయ్యేరు ఒడ్డు జనానికి బొమ్మ పెట్టి చూపించక్కర్లేదు. 2021 నవంబరు 19న ఆ ఏటి మీది అన్నమయ్య ప్రాజెక్టులో ఐదు గేట్లలో ఒకటి లేవలేదు, కట్ట తెగింది. ఈ పేజీలో నాకు నవ్వు రాలేదు, తిప్పేశాను.

అక్కడిదాకా బండి సాఫీగానే నడిచింది. అడ్డం పడింది పోరుమామిళ్ల.

కడప జిల్లాలోని ఆ ఊళ్లో చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ ఈ చెరువు కట్టించి, అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. పెట్టిన డబ్బుకూ ధాన్యానికీ లెక్కే లేదని శాసనమే చెబుతుంది. ఈ ఒక్క విషయంలో మనం పెద్దల బాట తప్పలేదు.

ఆ రాతి మీద రాజుగారి పొగడ్తలతో పాటు చెరువు కట్టే శాస్త్రం ఉంది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు. నీటిశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, తియ్యటి నీళ్ల ఏరు ఉండాలి, కట్టను కొండలకు ఆనించాలి, కట్ట కట్టడం వచ్చిన పనివాళ్లు ఉండాలి. చెరువు పక్కన సైన్స్ సెంటర్ అంటే ఇదే కదా! 650 ఏళ్లు దాటింది, కరెంటు బిల్లు లేదు, 'పనిచేయుట లేదు' కాగితం లేదు.

దోషాల దగ్గరికొచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. చెరువు నడిమధ్య మెరక ఉండకూడదట. నా డీపీఆర్‌కు ప్రాణమే అది: టిప్పర్లతో మట్టి తోలించి చెరువు మధ్యలో దీవి చేసి, దాని మీద రెస్టారెంట్. మా పక్కూళ్లో చెరువు నీళ్లు పంచే నీరుగంటికి ఆ ప్లాను చూపించాను. మరవ దగ్గర కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కాగితం తిరగేసి పట్టుకుని చూసి, "యాడన్నా చెరువులో దిబ్బ పోస్తారా సారూ? దిబ్బ ఎంతుంటే అన్ని నీళ్లు తగ్గినట్టే గదా" అన్నాడు. కన్సల్టెన్సీ ఫీజు అడగలేదు.

రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకో దోషం. శ్రీశైలానికి ఆ దోషం 2014 జూన్ 2న పట్టింది. నీళ్లు తక్కువ, తడపాల్సిన భూమి ఎక్కువ కావడం మరో దోషం. అది చదివితే సీమ మొత్తాన్నీ ఒక్క వాక్యంలో రాసేశారనిపించింది.

12 అంగాల్లో మనకు బొత్తిగా లేకుండా పోతున్నది నీటిశాస్త్రం తెలిసిన మనిషి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. కర్నూలు పొలాలకు రావాల్సిన నీళ్లు కళ్లముందే ఏటిపాలవుతుంటే మూడు రాష్ట్రాలు కలిసి వెతికింది ఒక రిటైర్డ్ ఇంజనీరును. కన్నయ్య నాయుడు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ గేటు దించే పనిని దగ్గరుండి చేయించి, వారం రోజుల్లో ఆ కంత మూయించారు. అలాంటివాళ్లను తయారుచేసే గది ఏ డీపీఆర్‌లోనూ లేదు, నా దాంట్లోనూ లేదు. సెల్ఫీ పాయింట్లు మాత్రం రెండు పెట్టాను.

అందుకని నా డీపీఆర్‌ను వెనక్కి తీసుకుంటున్నాను. అధికారులు తూములకు గ్రీజు పెట్టించి, పూడిక తీయించి, నీరుగంట్లకు నెలనెలా జీతమిస్తే నాకు అంతే చాలు. కర్నూలు, కడప జిల్లాల హెడ్మాస్టర్లకు మాత్రం ఒక మనవి. ఎక్స్‌కర్షన్ బస్సు తిరుపతి సైన్స్ సెంటర్‌కు ఎటూ పోతుంది, పోనివ్వండి. ఒక పూట పోరుమామిళ్లకు కూడా తిప్పండి. సంస్కృతం మాస్టారిని, సైన్స్ టీచరమ్మను ఒకే సీట్లో కూర్చోబెట్టండి. శాసనం చదివించండి, తర్వాత కట్ట మీద నడిపించండి. టికెట్ లేదు. తాగే నీళ్లు మాత్రం వెంట తెచ్చుకోండి.