రంగితోతోకి అయిదు సంచులు

(ఆక్లాండ్ పడవల రేవు. డిసెంబరు, అంటే అక్కడ మండువేసవి. అల్లుడు: ఐటీ ఉద్యోగి, ఊపిరి పీల్చడానికీ పట్టిక వేస్తాడు. మామగారు: విశాఖలో రిటైరై, కూతుర్ని చూడ్డానికొచ్చారు. అత్తగారు: అయిదు సంచుల యజమానురాలు. మనవరాలు: తొమ్మిదేళ్ళు. కూతురు డ్యూటీకెళ్ళి తప్పించుకుంది. ఈ నలుగురూ మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటారు.)

అల్లుడు: పడవలో 25 నిమిషాలు. ఎక్కడానికి గంట, దిగడానికి గంట. ఫొటోలకి 10 నిమిషాలు. అంతా పట్టికలో ఉంది మామగారూ.

మామగారు: ఎక్కడికన్నారు? రంగి తోటా?

మనవరాలు: రంగితోతో, తాతయ్యా! అగ్నిపర్వతం.

మామగారు: ఎత్తెంత?

అల్లుడు: సుమారు 260 మీటర్లండి.

మామగారు: ఓస్, అంతేనా! తిరుమల 3,550 మెట్లూ గోవిందా అంటూ ఎక్కేసినవాణ్ణి.

అత్తగారు: అది పెళ్ళయిన కొత్తలో. మొన్న లిఫ్టు పాడైందని మా అన్నయ్య గృహప్రవేశానికే రాలేదు.

అల్లుడు: పడవెక్కే ముందు చెప్పులు ఆ బ్రష్షుతో రుద్దాలండి. మట్టి, విత్తనాలు ద్వీపంలోకి పోకూడదు. సంచుల్లో చీమ కూడా ఉండకూడదు.

మామగారు: మన గుళ్ళో చెప్పులు బయట వదలమంటారు. వీళ్ళు చెప్పులకే స్నానం చేయించి లోపలికి పిలుస్తున్నారు!

అత్తగారు: చీమా? ఆ పులిహోర డబ్బా మూత నాకే రాదు.

మనవరాలు: ఎలక కూడా వద్దు అమ్మమ్మా. 2011లో అక్కడ ఎలకలు లేవని ప్రకటించారు. ఒక్కటి దూరినా పక్షుల గుడ్లు తినేస్తుంది.

(ద్వీపం. కొండ సగంలో.)

మామగారు: ఇదేం దారమ్మా, బొగ్గుల కుప్ప మీద నడిచినట్టుంది!

మనవరాలు: లావా తాతయ్యా. 600 ఏళ్ళ కిందట సముద్రంలోంచి లేచింది. ఈ ఊళ్ళో 50కి పైగా అగ్నిపర్వతాలున్నాయి. వయసులో అన్నిటికన్నా చిన్నది ఇదే, సైజులో పెద్దదీ ఇదే.

మామగారు: కడగొట్టు సంతానం అలాగే ఉంటుంది. మీ అమ్మమ్మ తమ్ముడు లేడూ!

అత్తగారు: (వినిపించుకోకుండా) మట్టే లేదు కదే, ఈ చెట్లు ఇంత ఎర్రగా ఎలా పూశాయి?

మనవరాలు: పోహుతుకావా. రాతి పగుళ్ళలోకి వేళ్ళు దింపుతుంది. ఇంత పెద్ద పోహుతుకావా అడివి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

అత్తగారు: మీ అమ్మ కుండీలో కరివేపాకు, ఎరువులు కొని పోస్తున్నా మూడాకులు దాటలేదు.

మామగారు: దాహమేస్తోంది. కుళాయెక్కడ?

అల్లుడు: (పట్టిక చూసి) లేదండి. కొట్టూ లేదు, వాగూ లేదు. వాన నీళ్ళన్నీ రాళ్ళ సందుల్లోంచి దిగిపోతాయట. అందుకే నీళ్ళ సీసాలని పట్టికలో రాశాను.

అత్తగారు: రాశారు అల్లుడుగారూ, పెట్టలేదు. ఉన్నవి రెండే. ఆవకాయ, మాగాయ, గోంగూర మాత్రం దండిగా ఉన్నాయి.

(శిఖరం.)

మామగారు: నిప్పేదీ? పొగేదీ? గొయ్యినిండా చెట్లు! దీనికోసం గంటసేపు నడిపించారా? మా కైలాసగిరికైతే రోప్‌వే ఉంది.

మనవరాలు: వెనక్కి తిరుగు తాతయ్యా.

(ఊరంతా, సముద్రమంతా, చుట్టూ ద్వీపాలన్నీ. మామగారు రెండు నిమిషాలు నోరు విప్పలేదు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని అత్తగారు లెక్కకట్టారు.)

మనవరాలు: దిగే దారిలో పక్కకి కాస్త నడిస్తే లావా గుహలు! పైన లావా గట్టిపడిపోయి, లోపలిది జారిపోతే మిగిలిన సొరంగాలు. టార్చి ఉంటే చాలు.

(అయిదు సంచులూ బోర్లించారు. రెండు చాపలు, నాలుగు స్వెట్టర్లు, పేకముక్కలు, అప్పడాలు. టార్చి లేదు.)

మామగారు: ఫోను లైటుంది కదా!

అల్లుడు: ఫొటోలకి 10 నిమిషాలే అనుకున్నానండి... ఛార్జింగు అయిపోయింది.

అత్తగారు: మరి ఆఖరి పడవ ఎన్నింటికి?

అల్లుడు: అది పట్టికలో... పట్టిక ఫోనులో...

మనవరాలు: రేవులో బోర్డు చదివాను. ఇప్పుడు బయల్దేరితేనే అందుతుంది.

(అందింది. గుహలు చూడలేదు. పులిహోర పడవలో తిన్నారు. ద్వీపంలో చెత్తబుట్టలుండవు, ఎవరి చెత్త వాళ్ళే తెచ్చుకోవాలి. అయిదు సంచులతో వెళ్ళినవాళ్ళు ఆరు సంచులతో తిరిగొచ్చారు.)